పడుకోని బండి

మా అమ్మ మాట నిజమని ఒప్పుకోవడానికి నాకు ఆరు కోళ్ళు చావవలసి వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ వరసలో అమ్మ కూడా ఉండేది. ఇలా మొరటుగా అంటే నాన్న బాధపడతాడని తెలుసు. అయినా అంటాను. మెత్తగా చెప్పుకుంటూ పోతే నా తప్పు కూడా మెత్తబడిపోతుంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఊపిరాడక పడి ఉన్న మనిషి అంతకు ముందు నాలుగు నెలలుగా మాకు ఒకటే మాట చెబుతూ వచ్చింది. "ఆ బండి పడుకోదే. పడుకుందని మీరనుకుంటారు, అంతే." మేం నవ్వేవాళ్ళం.

మాది తుష్నాబాద్, నడిసముద్రపు దీవుల్లో ఒక ఊరు. నేను డెలానీపూర్‌లో ఒక సర్కారీ ఆఫీసులో పని చేస్తాను. పొద్దున్నే కొండ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి ఊళ్ళోకి చేరడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం, ఇరవై ఏళ్ళుగా ఇదే నా బతుకు. పెళ్ళి సంగతి అడక్కండి, దానితో ఇక్కడ పని లేదు. ఇంట్లో ఉండేది ముగ్గురం. తుంటి ఎముక విరిగి ఏడాదిగా మంచంలో ఉన్న అమ్మ, హాడో రేవులో ముప్పై ఏళ్ళకు పైగా బోట్ల ఇంజిన్లు చూసి రిటైరైన నాన్న, నేను.

నాన్న గురించి కొంచెం చెప్పాలి. ఆయన దృష్టిలో లోకంలో రెండే రకాల ఇంజిన్లు. ఒకటి చాలూ ఉన్నది, అంటే నడుస్తున్నది, రెండోది బంద్ అయినది. ఏది ఏదో తెలుసుకోవడానికి ఆయనకు చెవీ అరచేయీ చాలు. రేవులో బోటు వచ్చి కట్టగానే చెవితో వింటాడు, శబ్దం ఆగిందా, ఆగింది. తర్వాత ఇంజిన్ మీద అరచేయి ఆనిస్తాడు. చెయ్యి కాలకుండా నిలబడిందా, ఇక క్షణం ఆలస్యం చెయ్యకుండా తార్పాలిన్ కప్పి తాడు బిగించేస్తాడు. మా దీవుల్లో ఉప్పుగాలి ఇనుమును చెదపురుగు కన్నా ఘోరంగా తింటుంది. అందుకని ఇక్కడ సైకిలు దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ ముసుగులే. మా నాన్నకది అలవాటు కూడా కాదు, భక్తి. రిటైరయ్యాక ఇంట్లో మిక్సీకి కూడా తార్పాలిన్ ముక్క కుట్టి తొడిగాడు. ఎవరి పిచ్చి వారికానందం అని ఊరుకున్నాం.

ఇంకో సంగతి. అన్నేళ్ళు ఇంజిన్ల పక్కన నిలబడిన చెవులవి. సన్న శబ్దాలు వాటికి అందవని అమ్మకూ నాకూ తెలుసు. ఆయనకు తెలియదు. చెప్పే ధైర్యం మాకు లేదు.

ఆ కారు నేనే తెచ్చాను. మెయిన్‌లాండ్‌కి బదిలీ అయి వెళ్తున్న ఒక ఆఫీసరు అమ్ముతుంటే, కావాలని, మనసుపడి కొన్నాను. హైబ్రిడ్ బండి. మా దగ్గర పెట్రోలు ఓడలో రావాలి. సముద్రం బాగుండక ఓడ ఆలస్యమైతే బంకు దగ్గర క్యూ రోడ్డు మలుపు దాకా ఉంటుంది. పోనీ పూర్తిగా కరెంటు బండి కొందామంటే, వాన పడితే చాలు మా ఊళ్ళో కరెంటు పోతుంది, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పొద్దున్న చూస్తే ఖాళీగా ఉంటుంది. ఈ బండికి ఆ గొడవ లేదు. తన బ్యాటరీని తనే నింపుకుంటుంది.

అందులో పెట్రోలు ఇంజినూ, కరెంటు మోటారూ రెండూ ఉంటాయి. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళు అనుకోండి. బజారులో మెల్లగా పోయే చిన్నపనికి మోటారు ఒక్కతే వస్తుంది, ఇంజిన్ కదలదు. కొండ ఎక్కాలంటే ఇద్దరూ కలిసి చెయ్యేస్తారు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెడితే, మామూలు బండిలో వేడిగా మారి వృథా అయ్యే జోరు ఇక్కడ కరెంటుగా మారి బ్యాటరీలోకి పోతుంది. నా దారి అంతా ఎక్కుడూ దిగుడే కదా, నా కోసమే చేశారా అన్నట్టుండేది. మొదటి నెలలో బంకు ముఖం చూడ్డం సగానికి తగ్గింది. సిగ్నల్ దగ్గర ఆగితే నిశ్శబ్దం. పొగ లేదు, వణుకు లేదు, ఆ పాత బండి చేసే డుగుడుగు లేదు. నాకు అంతగా నచ్చిన వస్తువు ఇంతకు ముందు ఇంట్లోకి రాలేదు.

నాన్నకు మాత్రం మొదటి రోజే పడలేదు. నేను కొండ దిగి, ఇంటి ముందుకు చప్పుడు లేకుండా వచ్చి ఆగితే వాకిట్లో నిలబడి అనుమానంగా చూశాడు.

"ఇదేటే, దొంగలాగొచ్చినాది?"

"మోటారు మీద వచ్చింది నాన్నా. మెల్లగా పోయేటప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది, కావాలంటే దానంతట అదే లేస్తుంది."

"అరే, దానంతట అదెలాగ లేస్తదే? ఇంజిన్ అంటే మనిషి లేపాల, మనిషి ఆపాల."

నేను చూపిస్తానని పిలిచాను. తాళం దూర్చే కన్నం లేదు, తాళం బ్యాగులో ఉంటే చాలు, ఈ బటన్ నొక్కితే రెడీ అని ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, శబ్దం రాకపోయినా బండి చాలూ ఉన్నట్టే అని మొదలెట్టాను. ఆయన సగంలోనే చెయ్యి విదిలించి, శబ్దం లేనిది చాలూ ఎలాగవుతుందే, నాకు సెప్పొచ్చేవు అని లోపలికి పోయాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాకూ ఒళ్ళు మండింది. "నీ డీజిల్ చెవులకు ఇది అర్థం కాదులే, దీన్ని ముట్టుకోకు" అన్నాను. అన్నది తండ్రిని. ఆ మాట నాకు ఇప్పటికీ నోట్లో చేదుగానే ఉంది. ఆ కోపంలో బటన్ ఎలా నొక్కి ఆపాలో ఆయనకు చూపించనే లేదు.

ముట్టుకోకు అన్నాను గానీ కప్పకుండా ఎలా ఊరుకుంటాడు? నెల తిరక్కుండా అమ్మ గది గోడకు ఆనించి రేకుల షెడ్డు వేశాడు. మిగతా రెండు వైపులా, పైనా రేకు, ముందు వైపు తార్పాలిన్ తెర, వాన జల్లు పడకుండా కిందికి దించి రెండు కొసలా తాడు కట్టేలా. అమ్మ గదికి ఉన్న ఒక్క కిటికీ అలా షెడ్డులోకి తెరుచుకున్నట్టయింది. గాలి రాదు నాన్నా అన్నాను. ఉప్పుగాలి వస్తే ఏం లాభం అన్నాడు.

అమ్మకు ఆ కిటికీయే లోకం. మంచంలో కదలకుండా పడుకున్న మనిషికి చెవులు ఎంత పదునవుతాయో అప్పుడు చూశాను. కొబ్బరి మట్ట రాలితే ఎవరి దొడ్లోనో చెప్పేది. నేను సాయంత్రం వచ్చాక బండిలోనే ఓ పావుగంట కూర్చునేదాన్ని, ఏసీ వేసుకుని, కళ్ళు మూసుకుని. ఆఫీసుకూ ఇంటికీ మధ్య నాకంటూ మిగిలిన కాసేపు అదొక్కటే. ఆ పావుగంటలో బ్యాటరీ కొంచెం తగ్గగానే ఇంజిన్ మెల్లగా లేచేది, రెండు మూడు నిమిషాలు నడిచి ఛార్జింగ్ నింపుకుని ఆగేది. నాన్నకు వినబడదు. అమ్మకు వినబడుతుంది.

"ఒలే, అది ఊపిరి తీస్తది. మల్లీ పడుకున్నట్టు నటిస్తది. నాకు బాగోలేదే ఆ బండి" అనేది.

"నేను బటన్ నొక్కితే నిజంగానే పడుకుంటుందమ్మా. నొక్కేవరకే ఆ నాటకం."

"నొక్కడం మర్సిపోతేనో?"

"మర్చిపోనులే."

మర్చిపోయాను. ఒకసారి ఆదివారం, చర్చి ఆవరణలో. పాటల పుస్తకం, కొబ్బరి లడ్డూల డబ్బా, గొడుగు అన్నీ పట్టుకుని హడావుడిగా దిగాను. బండి నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆగిపోయిందనుకున్నాను. ఆపకుండా దిగితే అది మూడుసార్లు కీచుమంటుంది. కానీ ఆ బండి బెల్టు పెట్టుకోకపోతే కీచుమంటుంది, తలుపు సరిగా పడకపోతే కీచుమంటుంది, బ్యాగు సీటు మీద పెడితే అక్కడెవరో మనిషి కూర్చున్నాడని కీచుమంటుంది. ఎల్లప్పుడూ సాధించే మనిషి మాట ఎవరు వింటారు? లోపల అందరం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా, బయట ఇంజిన్ లేచింది. ఖాళీ బండి. సంఘ పెద్ద ఒకాయన వెళ్ళి తొంగిచూసి, ముఖం పాలిపోయి తిరిగొచ్చాడు. విషయం తెలిశాక ఆరాధన అయ్యేదాకా అందరికీ నవ్వే. "దీదీ, మీ గాడీ కూడా ప్రార్థన సేస్తంది" అని ఒకావిడ. నేనూ కడుపుబ్బ నవ్వాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒక్కతే నవ్వలేదు. కిటికీ వైపు చూసి, "ఈపాలి ఆరుబయట లేచినాది. మంచిదయింది" అంది. ఆ మాటకు అర్థం అడగలేదు నేను. అడిగి ఉండాల్సింది.

ఆ రోజు సంగతికి వస్తాను. రెండు రోజులుగా ముసురు. దీవుల మధ్య తిరిగే బోట్లు ఆపేశారు, రేవులో హెచ్చరిక జెండా ఎక్కించారు. పొద్దున్నే బ్రెడ్డూ, కొవ్వొత్తులూ, అమ్మ మందులూ తెచ్చుకుందామని బండి తీశాను. పది గంటలకు తిరిగొచ్చేసరికి పగలే చీకటి పడినట్టుంది. అద్దాలకు ఆవిరి పట్టకుండా ఏసీ వేసి ఉంచాను. కొండ దిగుతూ బ్యాటరీ మీదే వచ్చాను, షెడ్డులోకి చప్పుడు లేకుండా దూరాను. అప్పుడే ఫోను మోగింది. ఆఫీసు నుంచి. తుఫాను డ్యూటీ, వెంటనే రావాలి, జీపు పంపాం, మీ మలుపు దగ్గరే ఉంది.

నేను గేరును పార్కింగ్‌లో పెట్టింది గుర్తుంది. సంచులు తీసింది గుర్తుంది. తలుపు మోకాలితో తోసింది గుర్తుంది. బండి మూడుసార్లు కీచుమంది, అది కూడా గుర్తుంది. "నీ సొద తర్వాత" అని దాన్ని తిట్టి, సంచులు గుమ్మంలో నాన్న చేతిలో పెట్టి, తాళం ఉన్న బ్యాగు భుజాన వేసుకుని వానలో జీపు కోసం పరిగెత్తాను. వెనక నుంచి నాన్న అరిచాడు. "గాడీ నేను కప్పుకుంటానులే, నువ్వెల్లు!"

ఆయన ఏం చేశాడో తర్వాత ఆయన నోటితోనే విన్నాను. షెడ్డులోకి వెళ్ళాడు. చెవి పెట్టాడు. రేకుల మీద వాన తప్ప శబ్దం లేదు. బానెట్ మీద అరచేయి ఆనించాడు. చివరి దారంతా దిగుడు కదా, ఇంజిన్ పెద్దగా నడవనే లేదు, చెయ్యి చల్లగా నిలబడింది. చెవీ చెయ్యీ రెండూ బంద్ అన్నాయి. ముప్పై ఏళ్ళు రేవులో ఆయన్ని ఒక్కసారి కూడా మోసం చెయ్యనివి. తార్పాలిన్ కప్పి నాలుగు వైపులా బిగించాడు. తడుస్తున్నాయని ఆరు కోళ్ళనూ తెచ్చి షెడ్డులో వదిలాడు. ముందు తెర దించి తాళ్ళు కట్టాడు. జల్లు కొడుతోందని ఇంటి తలుపులు కూడా వేసేశాడు. అమ్మ కిటికీ రెక్క ఒక్కటి తెరిచే ఉంది, కోళ్ళను చూసుకుంటానని అమ్మే అడిగింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆఫీసు నుంచి ఫోన్ చేశాను.

"మీ అమ్మకి తల తిరుగుతంది. ఒక వాంతి కూడా అయినాది" అన్నాడు నాన్న. గొంతు మందంగా ఉంది. "నాకూ తల బరువుగానే ఉంది. మౌసమ్ అలాగుంది గదా, ముసురుపట్టి."

"బీపీ మాత్ర వేశావా?"

"యేసినాను. ఒకటే గోల సేస్తంది, గాడీ లేస్తంది, ఊపిరి తీస్తంది అని. నిద్రపోనివ్వదు, తను పోదు."

నేను ఏమన్నానో వింటారా? ఆ బండి గురించి అన్నీ తెలిసిన దాన్ని, తోడికోడళ్ళ కథ చెప్పి ఆఫీసులో అందరినీ ఒప్పించిన దాన్ని. "నాన్నా, తాళం నా బ్యాగులో ఉంది. తాళం లేకుండా బండి ఎలా లేస్తుంది? పడుకోమని చెప్పు" అన్నాను.

"అదే నానూ సెప్తన్నాను."

వెనకాల అమ్మ గొంతు వినిపించింది, సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. "ఒక్కపాలి సెయ్యెట్టి సూడండి... ఒక్కపాలి..." లైను పోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. గాలివానలో మా దగ్గర ఫోన్లు పోవడం మామూలే కాబట్టి నేను పని చూసుకున్నాను.

రెండింటికి ఆఫీసులో కరెంటు పోయింది. గదంతా చీకటి. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా వెనక వరండాలో జనరేటరు లేచింది, దీపాలు వెలిగాయి.

"ఎవరు ఆన్ చేశారు?" అని అడిగాను, ఏదో మాట వరసకు.

"ఎవల్లేదు దీదీ, ఆటోమేటిక్" అన్నాడు జీపు డ్రైవరు, తలుపు దగ్గర టీ తాగుతూ. "కరెంట్ తగ్గితే దానంతట అదే చాలూ అయిపోద్ది."

దానంతట అదే. నా చెయ్యి బ్యాగులోకి పోయింది. తాళం చల్లగా తగిలింది. గేరు, సంచులు, మోకాలు, కీచు, అన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. బటన్ రాలేదు. ఎంత వెతికినా నా వేలు ఆ బటన్ మీద ఉన్న జ్ఞాపకం రాలేదు. బటన్ నొక్కకపోతే తాళం ఎంత దూరం వెళ్ళినా బండి ఆగదు, ఏసీ నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ తగ్గినప్పుడల్లా ఇంజిన్ లేస్తుంది, నడుస్తుంది, ఆగుతుంది. తెర దించిన షెడ్డులో. ముసుగు కింద. నాలుగు గంటలుగా. అక్కడ కిటికీ పక్కన మా అమ్మ.

ఇంటికి ఫోన్ చేశాను. పక్కింటికి చేశాను. ఎవరికీ కలవడం లేదు. "భయ్యా, నన్ను ఇంటికి తీసుకుపో, మా అమ్మ చచ్చిపోతోంది" అన్నాను. అడిగానో అరిచానో తెలియదు. అతను గ్లాసు కింద పెట్టి కారణం కూడా అడక్కుండా పరిగెత్తాడు.

ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ రోజు అది తరగలేదు. ఒకచోట చెట్టు పడింది. "దీదీ, ఘూమ్‌కే పోవాల" అని అతను పక్క దారి పట్టాడు. ప్రతి దిగుడులోనూ నాకు ఆ బండి మీద ఎంత ముద్దొచ్చేదో గుర్తొచ్చింది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. ప్రభువా, అమ్మ చెప్పింది, ప్రభువా, అమ్మ చెప్పింది అని అదొక్కటే అనుకుంటూ కూర్చున్నాను.

ఇంటి ముందు జీపు ఆగింది. తలుపులు మూసి ఉన్నాయి. వాన కొంచెం తగ్గింది కాబట్టి షెడ్డు లోపలి శబ్దం వినిపించింది. బండి నడుస్తోంది. ఎంత మర్యాదగా, ఎంత మెత్తగా నడుస్తోందో. కోళ్ళ చప్పుడు మాత్రం లేదు.

డ్రైవరు జీపులోంచి కత్తి తెచ్చి తెర తాళ్ళు కోశాడు. తెర పడగానే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. గుమ్మంలోనే కోళ్ళు, వెలుగు వచ్చే సందు దగ్గరకు చేరి అక్కడే ఒరిగిపోయాయి, ఆరూ. బండి మీది తార్పాలిన్ డ్రైవరు వైపు సగం లాగేసి ఉంది. తలుపు తెరిచి ఉంది. నాన్న సీటుకు అడ్డంగా పడి, స్టీరింగు కింద వేళ్ళతో తడుముతున్నాడు.

"కన్నమేదే..." అంటున్నాడు, నన్ను చూసి కాదు, గాలిలోకి. "తాళం కన్నమేదే... ఏటి తిప్పాల..."

జీవితమంతా ఇంజిన్లు ఆపిన మనిషి. ఆయన తల మీదుగా చెయ్యి చాచి బటన్ నొక్కాను. ఒక్కసారి. వేలి చివరతో. ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. అంతే పని.

డ్రైవరు నాన్నను చంకల కింద పట్టి బయటికి లాగాడు. నేను లోపలికి పరిగెత్తాను. అమ్మ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. ముఖం ఎర్రగా, ఏడాదిగా నేను చూడనంత ఆరోగ్యంగా ఉంది. అది ఆరోగ్యం కాదు, ఆ పొగ పూసిన రంగు. పిలిచాను. చెంప మీద కొట్టాను. అవును, మా అమ్మను కొట్టాను. కళ్ళు తెరవలేదు. ఇద్దరం పరుపుతో సహా ఈడ్చి వరండాలో వానజల్లులో పడుకోబెట్టాం. చాలాసేపటికి, నాకు చాలాసేపే, గొంతులో ఒక గురక వచ్చింది. దాన్ని పట్టుకునే ఆసుపత్రి దాకా వెళ్ళాం.

ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరూ బతికారు. వాసన లేని, రంగు లేని విషవాయువు అనీ, గాలి ఆడని చోట ఏ ఇంజిన్ నడిచినా అంతేననీ డాక్టరు చెప్పాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే, అని ఆపేశాడు. "మరి బండిని అంత గట్టిగా కప్పిందెవరు?" అని అడిగాడు. నాన్న గోడ వైపు తిరిగాడు. ఆపకుండా దిగిందెవరు అని డాక్టరు అడగలేదు, నేనే చెప్పాను.

మూడో రోజు నాన్న నాతో మాట్లాడాడు. "మీ అమ్మ మూడోసారి సెప్పినాదే, సెయ్యెట్టి సూడండీ అని. తప్పు తనదేనని సూపిద్దామనే ఎల్లినాను. తెర కిందనుంచి దూరి, ముసుగెత్తి సెయ్యెడితే కాలిపోతంది. ఇంక తెర ఇప్పాలని తట్టలేదే నాకు, ఆపాలనే తట్టినాది." అరచేతిని చూసుకుని, "ఆపడం నువ్వు సూపించలేదు గదే" అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. ఒక్కసారే అన్నాడు, మళ్ళీ అనలేదు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంటికొచ్చాక అన్నీ చేశాం. షెడ్డు రేకులు విప్పేశాం. బండి ఇప్పుడు ఆరుబయట, ఉప్పుగాలిలో, ముసుగు లేకుండా ఉంటుంది. అమ్మేయమని చెప్పనివాడు లేడు. అమ్మలేదు. అమ్మను ఆసుపత్రికి తిప్పాలంటే అదే కావాలి. ఇప్పటికీ కొండ దిగుతూ తనను తాను నింపుకుంటుంది, ఇప్పటికీ బంకు క్యూలో నిలబడే అవసరం నాకు తక్కువే. దాని పని అది సరిగ్గానే చేసింది, ఆ రోజు కూడా. నాన్న బటన్ చుట్టూ ఎర్ర రంగు పూశాడు. నొక్కడం నేర్చుకున్నాడు. రోజూ రెండుసార్లు నొక్కి, ఆరిపోయిన దీపాన్ని నాతో చూపించుకుంటాడు.

అమ్మ బాగానే తేరుకుంది, మొదట్లో. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం నేను బండి ఆపే దాకా నాన్న నిలబడి, బానెట్ మీద చెయ్యి పెట్టి, అయినా నమ్మకం చాలక కిటికీ దగ్గరకు వెళ్ళాడు. "ఒలే, నీకు ఇనిపిస్తది గదా. పడుకుందేటి?" అని అడిగాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఇంజిన్ గురించి ఆయన అమ్మను అడగడం అదే మొదలు. అమ్మ చెవి పెట్టి విని, గర్వంగా, "పడుకుంది" అంది. అప్పట్నుంచీ రోజూ అదే. ఆమె పడుకుంది అనేదాకా ఆయన లోపలికి రాడు.

నెల కావస్తుండగా ఒకరోజు అమ్మ టీ తాగి, టీ ఇవ్వలేదేమే అంది. తర్వాత తనకు కంఠతా వచ్చిన పాట రెండో చరణం దగ్గర ఆగిపోయింది. తర్వాత నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచింది. కొందరిలో ఆ విషవాయువు దెబ్బ ఇలా ఆలస్యంగా బయటపడుతుందనీ, వయసు వల్ల కూడా కావచ్చనీ, కచ్చితంగా చెప్పలేననీ అన్నాడు డాక్టరు. నాకు కచ్చితంగా తెలుసు. ఆ వయసు ఆ రోజు ఆ నాలుగు గంటల్లోనే వచ్చింది.

నిన్న సాయంత్రం కూడా నేను బటన్ నొక్కాను. నాన్న దీపం చూశాడు, బానెట్ మీద అరచేయి పెట్టాడు, కిటికీ దగ్గరకు వెళ్ళి వంగాడు.

"ఒలే, పడుకుందేటి బండి?"

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది, మంచి మనిషి ఎవరో పలకరించినట్టు.

"ఏ బండి?" అంది.